హేమల్‌కసా పెరడు జూ ఎప్పుడయింది?

కొల్హాపూర్ జిల్లా నాందణీ జైన మఠంలో మూడు దశాబ్దాలకు పైగా ఉన్న మహాదేవి అనే ఏనుగును 2025 జులై చివర్లో గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో అంబానీలు నడిపే వన్యప్రాణి కేంద్రం వంతారాకు తరలించినప్పటి నుంచి, ఒక కుటుంబం తన ఆవరణలో వన్యప్రాణులను ఉంచుకోవడం ఎంతవరకు సబబన్న వాదన మహారాష్ట్రలో చల్లారడం లేదు. ఆ వాదన గడ్చిరోలి జిల్లాకు వచ్చేసరికి వంతారా కంటే ముందు ఆమ్టే కుటుంబం జంతువులను పెంచుతున్న హేమల్‌కసా ప్రస్తావనకు వస్తుంది. సిరొంచ, అహేరి తాలూకాల తెలుగు కుటుంబాలకు అది పిల్లలను తీసుకెళ్లి చిరుతలను, ఎలుగుబంట్లను, మొసళ్లను చూపించే చోటు. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటి, ఆలపల్లి మీదుగా భామ్రాగఢ్ దారి పట్టే తెలంగాణ వాహనాలలో చాలా వరకు అక్కడ ఆగేవే.

కుష్ఠురోగుల సేవకు పేరుపొందిన బాబా ఆమ్టే 1973లో అక్కడ లోక్ బిరాదరీ ప్రకల్పం అనే సేవా కేంద్రాన్ని ఎందుకు మొదలుపెట్టారో, ఆయన కొడుకు, కోడలు అయిన డాక్టర్లు ప్రకాశ్, మందాకినీ ఆమ్టే దంపతులు మాడియా గోండు ఆదివాసుల మధ్య ఆసుపత్రిని ఎలా నిలబెట్టారో ఈ ప్రాంతం పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. జంతువుల సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. వేటలో చచ్చిన తల్లి కోతి ఒంటికి బతికున్న పిల్ల కరుచుకొని ఉండగా మాడియాలు మోసుకెళ్లడం చూసిన ప్రకాశ్ ఆమ్టే, ఆ పిల్లను తనకివ్వమని, బదులుగా తిండిగింజలు ఇస్తానని ఒప్పించారు. మాడియాలు వేటాడేది ఆకలి తీర్చుకోవడానికని ఆయనకు తెలుసు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేదు, వేట మానేయమని ఉపన్యాసమూ ఇవ్వలేదు. తల్లి చచ్చిన కూనను తినకుండా తన దగ్గరికి తెస్తే చాలన్నారు. అలా ఒక్కొక్కటిగా వచ్చిన కూనలు ఆ ఇంటి పెరట్లోనే పెరిగాయి. అప్పట్లో దాన్ని జూ అని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు.

అవసరం 1991లో వచ్చింది. నేటి వివాదానికి మూలం ఆ ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణేనని నా అభిప్రాయం. 1972 నాటి మూల చట్టం ప్రధానంగా వేటనూ వ్యాపారాన్నీ అడ్డుకోవడానికి పుట్టింది. 1991 సవరణ జూల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్ని చేర్చి, జూలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ సెంట్రల్ జూ అథారిటీకి దారి వేసి, దాని గుర్తింపు లేకుండా దేశంలో ఏ జూ నడవరాదని చెప్పింది. జూ అంటే ఏమిటో కూడా అదే చెప్పింది: బంధించిన జంతువులను ప్రజల ప్రదర్శనకు ఉంచే చోటు. ఇక్కడ యజమాని ఉద్దేశానికి గాని, పంజరం సైజుకు గాని ప్రమేయం లేదు, లెక్కలోకి వచ్చేది చూడవచ్చే జనమే. అనాథ కూనలను సాకుతున్న ఒక డాక్టరు పెరడు చట్టం దృష్టిలో జూగా మారింది ఆయన చేసిన పని వల్ల కంటే మనం వెళ్లి చూడటం వల్లనే. తర్వాతి సవరణలో రక్షణ కేంద్రాలను కూడా ఆ నిర్వచనంలోకి తెచ్చారు కాబట్టి, రేపు గేటు మూసి జనాన్ని రానివ్వకపోయినా వెనక్కి వెళ్లే దారి లేదు.

జనం మాత్రం తగ్గలేదు. 2008లో ఆ దంపతులకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2014లో నానా పాటేకర్ ప్రధాన పాత్రలో ప్రకాశ్ ఆమ్టే జీవితంపై మరాఠీ సినిమా వచ్చింది. ఆ మధ్యలోనే కెమెరా ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చాయి. చిరుత ఆయన చెంప నాకుతున్న ఫొటో, ఎలుగుబంటి మెడ మీద చేయి వేసి నడుస్తున్న వీడియో చూడని మరాఠీ ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. సెంట్రల్ జూ అథారిటీ నోటీసు ఇచ్చింది ప్రధానంగా వాటి గురించే: జంతువుల ఎన్‌క్లోజర్లలోకి వెళ్లి వాటిని తాకడం, ఆ దృశ్యాలు బయటికి రావడం నిబంధనలకు విరుద్ధమని. ఎన్‌క్లోజర్ల స్థితిని కూడా అది తప్పుపట్టింది. గుర్తింపు రద్దయ్యే పరిస్థితి వస్తే పద్మశ్రీని తిరిగి ఇచ్చేస్తానని ఆమ్టే అన్నారు.

కుటుంబం వాదనలో బలం ఉంది. కళ్లు తెరవకముందే చేతికి వచ్చిన కూనకు పాలసీసా పట్టిన మనిషే తల్లి, ఆ మనిషి ఒక్కసారిగా కంచె అవతలికి వెళ్లిపోతే బాధపడేది ఆ జంతువే. వానాకాలంలో వాగులు పొంగితే దారి తెగిపోయే ప్రాంతంలో, ప్రభుత్వ వన్యప్రాణి వైద్యుడు అందుబాటులో లేని కాలంలో, ఆ కూనలకు అక్కడ దిక్కయింది ఈ ఇల్లే. నిబంధనలు రాసినవాళ్లు నగరాల జూలను మనసులో పెట్టుకొని రాశారన్నది కూడా కొట్టిపారేయలేని మాట. కొత్త ఎన్‌క్లోజర్ల కోసం విరాళాలు పోగుచేయడం మొదలుపెట్టింది కూడా ఆ కుటుంబమే.

అథారిటీ పక్షాన చెప్పవలసింది తక్కువే గాని, అది తేలికైనది కాదు. మనిషి చేతికి మరిగిన చిరుతను మళ్లీ అడవిలో వదలలేరు, దాని బతుకంతా ఒక చేతికి ముడిపడిపోతుంది. 2022లో ప్రకాశ్ ఆమ్టే క్యాన్సర్‌తో పుణెలో చికిత్స పొందినప్పుడు ఆ ముడి ఎంత సన్ననిదో తెలిసింది. కొడుకుల తరం ప్రకల్పాన్ని సమర్థంగానే నడుపుతోంది, అయితే తండ్రికి దక్కిన చనువు వారసత్వంగా వచ్చేది కాదు. ఇక చూసిపోయేవాళ్ల విషయానికొస్తే, అడవి జంతువు ప్రేమగా పెంచితే పెంపుడు జంతువవుతుందన్న తప్పుడు పాఠంతో ఇంటికి వెళ్తారు. జంతువు బాగోగులు తెలుసుకోవాలనుకునేవాళ్లు దాని ముఖం కంటే నేలను చూడటం మేలు. ఏ జూలోనైనా కంచె పొడవునా ఒకే గీతగా మట్టి నున్నగా అరిగి ఉంటే, అక్కడ ఒక జంతువు రోజంతా తోచక అటూ ఇటూ తిరుగుతోందని అర్థం.

ప్రైవేటు చేతుల్లో ఉండటమే తప్పు, సర్కారు చేతుల్లో ఉంటే క్షేమం అనేవాళ్లకు ఇదే జిల్లాలో కమలాపూర్ ఉంది. అహేరి తాలూకాలోని ఆ ఏనుగుల శిబిరం అటవీశాఖది. ఒకప్పుడు కలప దుంగలు లాగిన ఏనుగులవి. అటువంటి శిబిరాల్లో ఏనుగులను రాత్రి అడవిలోకి మేతకు వదిలి, కాలి గొలుసు నేల మీద గీసిన జాడ పట్టుకొని మావటీలు ఉదయం వెతికి తెచ్చుకుంటారు. స్వేచ్ఛ విషయంలో అంతకంటే మెరుగైన ఏర్పాటు ఏ ఎన్‌క్లోజర్‌లోనూ దొరకదు. అయినా 2020, 2021లలో అక్కడ ఏనుగు పిల్లలు వరుసగా చనిపోయాయి, శాశ్వత పశువైద్యుడే లేడని స్థానికులు మొత్తుకున్నారు. సర్కారు వైద్యుణ్ని వేయడానికి బదులు ఏనుగులనే జామ్‌నగర్ పంపాలని చూసింది. 2022లో తాడోబా పులుల అభయారణ్యం నుంచి ఆరు, ఈ జిల్లాలోనే పాతానిల్ నుంచి మూడు వెళ్లిపోయాయి. జనం అడ్డం తిరగడంతో, బాంబే హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం తనంతట తాను విషయాన్ని విచారణకు తీసుకోవడంతో కమలాపూర్ ఏనుగులు కదలలేదు.

వంతారా మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో మన జస్టిస్ చలమేశ్వర్ నేతృత్వంలో వేసిన దర్యాప్తు బృందం తప్పేమీ కనిపించలేదని నివేదించింది, సెప్టెంబరు 15న కోర్టు దానిని అంగీకరించింది. ఆ తీర్పును చూపించి హేమల్‌కసాను వెనకేసుకొచ్చేవాళ్లూ, ఆ నిధులూ వైద్యులూ ఇక్కడ లేవని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ అడగని ప్రశ్నలు రెండున్నాయి: ఏటా ఎన్ని కూనలు వస్తున్నాయి, వాటిలో తిరిగి అడవికి వెళ్లేవి ఎన్ని? ఈ రెండు అంకెలను గేటు దగ్గర బోర్డు మీద రాసి పెట్టడానికి ఏ అథారిటీ అనుమతీ అక్కర్లేదు.