ఫ్లాష్ అప్‌డేట్ చేయమంటే నొక్కకండి: బ్రౌజర్ ప్లగిన్ల మీద అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం నా పని. "నెట్ స్లో అయింది, ఏవేవో యాడ్స్ వస్తున్నాయి" అని పిలిస్తే నేను ముందు తెరిచేది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. మొన్న ఒక రిటైర్డ్ మాస్టారి ల్యాప్‌టాప్‌లో ఫ్లాష్ ప్లేయర్ (ఒకప్పుడు వీడియోలు ఆడటానికి వాడిన ప్లగిన్, అంటే బ్రౌజర్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) సెటప్ ఫైలు ఒకటి, దాని కిందే అదే పేరుకి 1, 2, 3 అంకెలు తగిలించుకుని మరో మూడు కనిపించాయి. పాత సినిమా చూద్దామని ఏదో సైట్‌కి వెళ్తే "మీ ప్లేయర్ పాతబడింది, అప్‌డేట్ చేయండి" అని వచ్చిందట. నొక్కినా సినిమా రాకపోయేసరికి మళ్లీ మళ్లీ నొక్కారు. ఆయన తప్పేమీ లేదు. అప్‌డేట్ చేసుకోండి అని మాలాంటి వాళ్లమే ఏళ్ల తరబడి చెప్పాం, ఎక్కడి నుంచి చేసుకోవాలో మాత్రం సరిగా చెప్పలేదు.

అపోహ: వీడియో రావాలంటే ఫ్లాష్ ఉండాలి.

ఆ కాలం అయిపోయింది. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయర్‌లో ఫ్లాష్ కంటెంట్ నడవకుండా కూడా చేసింది. జావా, సిల్వర్‌లైట్ అనే మరో రెండు ప్లగిన్లను క్రోమ్ 2015లోనే వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 2017లో. ఇప్పుడు వీడియో ఆడించే పని బ్రౌజరే చూసుకుంటుంది. మీ కంప్యూటర్‌లో ఇంకా పాత ఫ్లాష్ ఉంటే కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి తీసేయండి.

అపోహ: పేజీలో అప్‌డేట్ అని వస్తే వెంటనే చేసేయాలి.

నిజమైన అప్‌డేట్ కబురు వెబ్ పేజీ మధ్యలో రాదు. క్రోమ్‌లో అయితే పైన కుడి మూల మూడు చుక్కల దగ్గర కనిపిస్తుంది. అక్కడే హెల్ప్‌లోకి వెళ్లి అబౌట్ గూగుల్ క్రోమ్ నొక్కితే అదే వెతికి దించుకుంటుంది, తర్వాత రీలాంచ్ నొక్కాలి. చాలామంది ఇది నొక్కరు, ల్యాప్‌టాప్ మూత మూస్తూ తెరుస్తూ వారాల తరబడి బ్రౌజర్‌ని మాత్రం మూయరు, దాంతో దిగిన అప్‌డేట్ అమల్లోకి రాకుండా అలాగే ఉండిపోతుంది.

అపోహ: ఈ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రామ్) క్రోమ్ స్టోర్‌లోనే ఉంది, లక్షల మంది వాడుతున్నారు, ఇంకేం భయం?

నన్ను ఎక్కువగా టెన్షన్ పెట్టేది ఇదే. ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ని 20 లక్షల మంది వాడేవారు, ఏళ్ల తరబడి మంచి పేరే ఉంది. 2020లో అది వేరేవాళ్ల చేతికి వెళ్లింది, 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని ఆపేసింది. సైబర్‌హేవెన్ అనే సెక్యూరిటీ కంపెనీకే 2024 డిసెంబర్‌లో దెబ్బ తగిలింది: దొంగ మెయిల్ నమ్మి ఒక ఉద్యోగి అనుమతి ఇచ్చేశారు, దాంతో ఆ కంపెనీ ఎక్స్‌టెన్షన్‌కి పాడు వెర్షన్ ఒకటి ఆటోమేటిక్ అప్‌డేట్‌గా వాడేవాళ్ల బ్రౌజర్లలోకి వెళ్లిపోయింది. అలాగని అప్‌డేట్లు ఆపకండి, ఎక్స్‌టెన్షన్ల సంఖ్య తగ్గించండి. వేసేటప్పుడు వచ్చే చిన్న పెట్టెలో "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడం, మార్చడం" అనే అర్థం వచ్చే లైను ఉంటే ఒక్క నిమిషం ఆగండి, మీ మెయిల్, మీరు బ్యాంకు పేజీలో కొట్టే పాస్‌వర్డ్ కూడా ఆ "అన్ని"లోకే వస్తాయి. రంగులు మార్చే ఎక్స్‌టెన్షన్‌కి అంత అధికారం ఎందుకు? అంతగా కావాలనుకుంటే ఆ ఎక్స్‌టెన్షన్ డీటెయిల్స్‌లో సైట్ యాక్సెస్‌ని "ఆన్ క్లిక్"కి (మీరు నొక్కినప్పుడే పనిచేసేలా) మార్చుకోండి.

అపోహ: డీఎస్సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపి, వీడియో కింద ఇచ్చిన లింకు నుంచి సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి.

ఇంటి నుంచి జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లలో ఇది బాగా చూస్తున్నాను. సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌తో బ్రౌజర్ మాట్లాడాలంటే ఎంసైనర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి, నిజమే. కానీ దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో డీఎస్సీ రిజిస్టర్ చేసే పేజీ నుంచే దించుకోండి, పోర్టల్ అడ్రస్‌ని కూడా మీరే టైప్ చేయండి. మీ సంతకం నడిచే సాఫ్ట్‌వేర్‌ని ఎవరో గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన జిప్ ఫైలు నుంచి తెచ్చుకోవడం ఏమిటండీ, దయచేసి వద్దు.

అపోహ: రిమూవ్ కొడితే పోతుంది.

మామూలు వాటికి పోతుంది. ఇంటి కంప్యూటర్‌లో మూడు చుక్కల మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉండి, ఆఫీసు ఖాతా కూడా లేకపోతే, ఏదో ప్రోగ్రామ్ లోపల పాలసీ (బ్రౌజర్‌లో మనం మార్చలేని సెట్టింగ్) పెట్టిందేమోనని అనుమానించాలి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇలా పెడతాయి, కాబట్టి ఏ ఎక్స్‌టెన్షన్‌కి రిమూవ్ బటన్ పనిచేయడం లేదో చూడండి. మాస్టారి ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఇలాగే ఒక ప్రోగ్రామ్ పాలసీ పెట్టేసింది. ముందు ఆ ప్రోగ్రామ్‌ని తీసి, పూర్తి స్కాన్ చేసి, తర్వాతే ఎక్స్‌టెన్షన్ జోలికి వెళ్లాను.

ఇప్పటికే ఏదైనా సెటప్ నొక్కేసి ఉంటే నెట్ తీసేయండి, పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో మార్చండి, ముందు మెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. డబ్బు పోయిందని తెలిస్తే మెకానిక్ కోసం చూడకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.