క్లాస్ 3 అంటే మూడో స్టేజీ కాదు: పళ్ల వరుసపై అపోహలు, వాస్తవాలు

"డాక్టర్ గారూ, క్లాస్ త్రీ అంటే బాగా ముదిరిపోయినట్టాండీ?"

ఎనిమిదేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని వచ్చిన ఒక తండ్రి కూర్చోకముందే అడిగిన మాట ఇది. ఎక్కడో రాసిచ్చిన చీటీ చేతిలో ఉంది. క్యాన్సర్‌కి స్టేజీలు చెబుతారు కదా, ఇదీ అలాంటిదే అనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదట. ఒక్క నిమిషం విడమరిచి చెప్పి ఉంటే ఆ టెన్షన్ తప్పేది కదా అని నాకు బాధేసింది.

అపోహ: క్లాస్ నంబర్ పెరిగేకొద్దీ సమస్య పెద్దది

ఈ నంబర్లు 1899లో అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ పెట్టినవి. అవి తీవ్రతను చెప్పవు, పై పళ్లూ కింది పళ్లూ ఏ తీరున కలుస్తున్నాయో చెబుతాయి. మేం ముందుగా చూసేది ముందు పళ్లను కాదు. బుగ్గ పక్కకి లాగి, ఆరేళ్లప్పుడు వచ్చే పెద్ద దవడ పన్నును చూస్తాం. పై పన్నుకి బుగ్గ వైపు ముందున్న మొన, కింది పన్ను బయటివైపు ఉన్న గాడిలో కూర్చోవాలి. కూర్చుని, మిగతా పళ్లు మాత్రం వంకరగానో ఇరుగ్గానో ఉంటే క్లాస్ 1. కింది పన్ను ఉండాల్సిన చోటికంటే వెనక్కి ఉంటే క్లాస్ 2, ముందుకి ఉంటే క్లాస్ 3. అంతే. క్లాస్ 1లోనే కోరపన్ను దిగడానికి చోటు లేక చాలాకాలం వైద్యం చేయాల్సిన పిల్లలున్నారు.

పైగా ఈ పద్ధతి ముందువెనకలే చూస్తుంది. పై వరుస ఇరుకై పక్క పళ్లు అడ్డం తిరిగి కలవడం, నోరు మూసినా ముందు పళ్ల మధ్య ఖాళీ మిగలడం లాంటివి ఇందులోకి రావు. పళ్లు మాత్రమే జరిగాయా, దవడ ఎముకే పెరగడంలో తేడా వచ్చిందా అన్నదీ ఇది చెప్పదు. దానికి ముఖం తీరు చూడాలి, అవసరమైతే పక్కనుంచి తల ఎక్స్‌రే తీయాలి.

అపోహ: ముందు పళ్లు చక్కగా కనిపిస్తే ఏ సమస్యా లేనట్టే

ఎత్తుపళ్లు ఎవరికైనా కనిపిస్తాయి. క్లాస్ 2లో మొదటి రకం ఇలాగే ఉంటుంది. రెండో రకంలో పైన నడిమి పళ్లు రెండూ లోపలికి వాలి ఉంటాయి, నవ్వితే బాగానే ఉంటుంది. ఒక కాలేజీ అమ్మాయి చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటోందని వచ్చింది. కరిచి పట్టుకోమంటే కింది ముందు పళ్లు ఒక్కటీ కనిపించలేదు, పై పళ్లు పూర్తిగా కప్పేశాయి. అద్దం పెట్టి అంగిలి చూస్తే, పై పళ్ల వెనక చిగురు మీద వరసగా ఎర్రటి నొక్కులు. కింది పళ్లు రోజూ అక్కడే గుచ్చుకుంటున్నాయి. "నా పళ్లు బాగుంటాయని అందరూ అంటారు కదండీ" అంది పాపం. బాగానే ఉన్నాయమ్మా, కలిసే తీరే బాగాలేదు అని ఆమె పళ్ల అచ్చు చేతికిచ్చి చూపించాను.

అపోహ: చిన్నపిల్లల పళ్లేగా, పిప్పి పడితే పీకించేయొచ్చు

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఆరేళ్లకు వచ్చే ఆ పెద్ద పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే చివర మొలుస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్లు అదీ పాలపన్నే అనుకుంటారు. అది శాశ్వత దంతం, పోతే మళ్లీ రాదు. ఇక దాని ముందున్న పాల దవడపన్నును తొందరపడి పీకిస్తే, ఈ పెద్ద పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. తర్వాత రావాల్సిన పన్నుకి చోటుండదు. దయచేసి పిప్పి పన్నుకి వీలైనంతవరకు సిమెంటో రూట్ కెనాలో చేయించండి. తీయక తప్పకపోతే, ఆ చోటు పోకుండా ఆపే రింగు గురించి డాక్టర్ని అడగండి.

అపోహ: పన్ను మీద పన్ను అదృష్టం

అదృష్టం సంగతి నాకు తెలియదు గానీ, ఆ రెండింటి మధ్య బ్రష్ వెళ్లదు. పాచి నిలిచి చిగురు వాస్తుంది.

అపోహ: పళ్లన్నీ వచ్చాకే చూపించాలి

ఎనిమిదేళ్లప్పుడు పై ముందు పళ్ల మధ్య కాస్త సందు ఉంటే చాలావరకు కంగారు అక్కర్లేదు. కోరపళ్లు దిగే పదకొండు, పన్నెండేళ్లకు తరచూ అదే మూసుకుంటుంది. కానీ కింది పళ్లు పై పళ్ల బయటికొచ్చి కరుస్తుంటే మాత్రం ఆగొద్దు. ఏడేళ్లకల్లా ఒకసారి చూపించండి.

మొదట్లో చెప్పిన ఆ ఎనిమిదేళ్ల బాబుదీ ఇదే. నాలుక వెనక్కి మడిచి మెల్లగా నోరు మూయమన్నాను. పై పళ్ల అంచు, కింది పళ్ల అంచు ఒకదానికొకటి ఆనాయి. పూర్తిగా కరవమంటే, దారి లేక దవడని ముందుకు జరిపాడు. దవడ పెద్దదై కాదు, లోపలికి వాలిన పై పళ్లు అడ్డొచ్చి అలా జరుపుతున్నాడు. ఆ తండ్రిని పక్కకి పిలిచి రెండుసార్లు అదే చేయించి చూపించాను. తీసి పెట్టుకునే ప్లేటుతో పై పళ్లు ముందుకు తెచ్చాం, కొన్ని నెలల్లో అవి కింది పళ్ల పైకొచ్చాయి. ఎదుగుదల ఆగేదాకా ఏటా వేసవి సెలవుల్లో తీసుకురమ్మన్నాను. తీసుకొస్తున్నారు.