లైసెన్సు కాంపౌండుకా, సీసాలో ఉన్నదానికా?

2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయినప్పటి నుంచీ లైసెన్సుతో కల్లు అమ్మే కాంపౌండ్లు మూసెయ్యాలన్న మాట వినిపిస్తూనే ఉంది. మత్తును చట్టబద్ధంగా అమ్మనిస్తే నేరం తగ్గుతుందా అన్న చర్చకు పరాయి దేశాల లెక్కలు తిరగేయనక్కర్లేదు. నగరంలో కాంపౌండ్లు 2004లో మూతపడ్డాయి, 2014లో తెరుచుకున్నాయి. హైదరాబాద్ రెండూ చూసింది.

ఆ రెండింటికన్నా 2015 సెప్టెంబరు ముఖ్యం. ఎక్సైజ్ దాడులతో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మందు కల్లు, అంటే మత్తుమందు కలిపిన కల్లు, ఉన్నట్టుండి ఆగింది. రెండు మూడు రోజులకే తాగేవాళ్లకు చేతుల వణుకు, నిద్రలేమి, ఫిట్స్, పొంతనలేని మాటలు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ తాకిడి పెరిగింది. నాలుగైదు శాతం ఆల్కహాలుండే చెట్టు కల్లు మానేస్తే ఊళ్లకు ఊళ్లు ఇలా కావు. అది కల్లులో కలిపే నిద్ర, ఆందోళన మందులు అల్ప్రజోలం, డైజిపాం పని. వీటికి అలవాటుపడిన ఒంటికి డాక్టర్లు వారాల తరబడి డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఇక్కడ ముందు సరుకు ఆగింది, తర్వాత వార్డులు నిండాయి.

దింపిన కల్లు గంటల్లో పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. నగరం చుట్టూ ఈత వనాల చోట వెంచర్లు లేచాయి, గిరాకీ మాత్రం తగ్గలేదు. నీళ్లతో కొలత పెరుగుతుంది, శాకరిన్‌తో తీపి వస్తుంది, కిక్కు రాదు. ఆ లోటు అల్ప్రజోలం పొడితో తీరుస్తారు. మెడికల్ షాపులో దొరికే చిన్న మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు, జేబులో పట్టే 100 గ్రాముల పొట్లం 4 లక్షల మాత్రలతో సమానం. మత్తుమందుల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టంలో అల్ప్రజోలంకు వాణిజ్య పరిమాణం హద్దు కూడా అదే, ఆ పరిమాణానికి శిక్ష కనీసం పదేళ్లు. మిశ్రమంలో అసలు మందు బరువే లెక్కని 2008లో సుప్రీంకోర్టు అంది. 2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ తీర్పు మొత్తం తూకమే లెక్కని తేల్చింది. అలా చూస్తే ఆ హద్దు దాటడానికి మందు కల్లు సీసా ఒక్కటి చాలు.

మూసెయ్యమనేవాళ్లది ప్రాణాల మాట, కాదనలేం. గీత కార్మికులు అడిగేది వేరు: మోకు ముత్తాదు కట్టి తాటిచెట్టెక్కేవాడు పొడి కలుపుతాడా? లైసెన్సు గీత కార్మికుల సొసైటీ పేరున, కాంపౌండు కాంట్రాక్టరు చేతిలో. 2004లో మూస్తే తమ పొట్ట కొట్టినట్టయింది, తాగేవాడు గుడుంబాకు మళ్లాడంటారు.

ఇంతకీ శాంపిల్ తీసి ల్యాబుకు పంపితే, రిపోర్టు చేతికొచ్చేలోపు ఆ కల్లు అమ్ముడైపోయి ఉంటుంది.