అడగబోయి ఆగిపోకండి: ఆకాశం చూసేవాళ్ల అపోహలు - వాస్తవాలు

విశాఖ రామకృష్ణా బీచ్‌లో టెలిస్కోప్ నిలబెట్టి, వచ్చిపోయేవాళ్లకు చంద్రుణ్ణీ గ్రహాలనూ చూపించడం చాలా ఏళ్లుగా నా అలవాటు. ఐపీస్ దగ్గర కన్ను పెట్టినవాళ్లు చాలామంది ఏదో అడగబోయి, పక్కనున్నవాళ్లను చూసి ఆగిపోతారు. అలా ఆగిపోయినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తెలియని ప్రశ్న అడిగితే చులకనైపోతాం.

ఒక సాయంత్రం పెదజాలారిపేట నుంచి వచ్చిన, సముద్రం మీద చేపలవేటకు వెళ్లే ఒక పెద్దాయన చాలాసేపు దూరంగా నిలబడి, జనం పలచబడ్డాక దగ్గరికొచ్చారు. "మాస్టారూ, నవ్వరు కదా? సూరీడు తూర్పునే పొడుస్తాడంతారు గానండి, నాకలా అగుపడదు. ఎండల్లో కైలాసగిరోపుకి జరిగిపోతాడు. చలికాలం డాల్ఫిన్ నోసోపుకి వచ్చేస్తాడు. పండక్కి ముందే మళ్లీ ఎనక్కి తిరుగుతాడు. నా కళ్ల తేడాయేటండి?"

ఆయన కళ్లలో ఏ తేడా లేదు. కైలాసగిరి బీచ్‌కు ఉత్తరం వైపు కొండ, డాల్ఫిన్ నోస్ దక్షిణం వైపు కొండ. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చిలోనూ సెప్టెంబర్‌లోనూ. మన విశాఖ అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. ఇక్కడ జూన్ 21 ప్రాంతంలో సూర్యోదయం నిక్కమైన తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్ 21 ప్రాంతంలో అంతే దక్షిణంగా జరుగుతుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే రెండు కొసల మధ్య దూరం అయిదు పిడికిళ్లు! రోజూ తెల్లారుజామున సముద్రం మీదుండే మనిషికి అది కనపడకుండా ఎలా ఉంటుంది?

"పండక్కి ముందే తిరుగుతాడు" అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. సంక్రాంతినాడే ఉత్తరాయణం మొదలవుతుందని మనం చెప్పుకుంటాం. నిజానికి సూర్యుడు దక్షిణపు కొస నుంచి మళ్లేది డిసెంబర్ 21 లేక 22న. సంక్రాంతి వచ్చేసరికి ఉదయించే చోటు అప్పటికే రెండు డిగ్రీలు, అంటే నాలుగు సూర్యబింబాలంత మేర, ఉత్తరానికి జరిగిపోయి ఉంటుంది. భూమి అక్షం బొంగరంలా తల తిప్పుతూ ఒక చుట్టు తిరగడానికి సుమారు 26 వేల ఏళ్లు పడుతుంది. ఆ కదలిక వల్ల మకర సంక్రమణమూ నిజమైన ఉత్తరాయణమూ మెల్లగా విడిపోయాయి. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజున పడేవి. పుస్తకాల్లో చదివి నేను తెలుసుకున్నదాన్ని ఆయన తెప్ప మీద నుంచి చూసి పట్టుకున్నారు. ఆ ప్రశ్న అడక్కుండా వెళ్లిపోయుంటే నష్టం నాదే.

అపోహ: కొత్తవాళ్లు ముందు చదువుకుని రావాలి. ఒకే ప్రశ్నకు ఎన్నిసార్లని జవాబు చెప్తాం?

ఇది మనలో, అంటే టెలిస్కోప్‌తో ఆకాశం చూపించేవాళ్లలో, పాతవాళ్ల అపోహ. "అది నక్షత్రమా, గ్రహమా" అని ఒకే రాత్రి ఇరవైమంది అడగొచ్చు. ప్రశ్న మనకు పాతదే, అడిగినవాళ్లకు మాత్రం అప్పుడే పుట్టింది. నక్షత్రం ఎంతో దూరాన ఒక చుక్కగానే ఉంటుంది కాబట్టి గాలి కదలికకు మినుకుమినుకుమంటుంది. గ్రహం చిన్నదైనా బింబం గనుక నిలకడగా వెలుగుతుంది. ఇంత చెప్పడానికి అరనిమిషం పట్టదు.

అపోహ: మాట పక్కదారి పడితే చూడ్డానికి వచ్చిన సమయమంతా వృథా.

ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. గురుగ్రహం చూపిస్తుంటే ఎవరో ఒకరు "మా అమ్మాయికి గురుబలం వచ్చిందాండీ" అంటారు. అక్కణ్ణుంచి ముహూర్తాలు, పెళ్లిళ్లు, వంటలు. విసుక్కుంటే అందరూ బిగుసుకుపోతారు, ఆ తర్వాత ఎవరూ నోరెత్తరు.

ఒక ఏప్రిల్ రాత్రి మాట అలాగే పెళ్లిళ్ల మీదికి పోయింది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి, "మాకు అరుంధతిని మిట్టమధ్యాహ్నం చూపించారు, నాకేమీ కనపడలేదు" అంది. వెంటనే టెలిస్కోప్‌ను సప్తర్షుల తోకవైపు తిప్పాను. తోక చివర నుంచి రెండో చుక్క వసిష్ఠుడు. దాన్ని ఆనుకుని మసకగా ఉన్నది అరుంధతి. చూపు బాగుంటే ఈ రెండూ వట్టి కంటికే విడిగా కనపడతాయి. టెలిస్కోప్‌లో ఇంకో సంగతి తెలుస్తుంది: వసిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు. ఆ అమ్మాయి చూసి భర్తను పిలిచింది, ఆయన వాళ్లమ్మను పిలిచారు. ఆ రాత్రి గురుగ్రహం కంటే వసిష్ఠుడి దగ్గరే ఎక్కువమంది నిలబడ్డారు.

మన తిథులు, నక్షత్రాలు, మాసాల పేర్లు అన్నీ ఆకాశాన్ని చూసి పెట్టుకున్నవే. కార్తీకంలో నిండు చంద్రుడు కృత్తికల దగ్గర, అంటే మన పల్లెల్లో పిల్లలకోడి అనే ఆ గుంపు దగ్గర ఉంటాడు. కాబట్టి పంచాంగం మాట వస్తే నేను అడ్డుకోను, దాన్ని పట్టుకునే పైకి చూపిస్తాను. జాతకఫలం అడిగితే మాత్రం సూటిగా చెప్తాను: "గురుడు ఈ రాత్రి ఎక్కడున్నాడో చూపించగలనమ్మా. పెళ్లి ఎప్పుడవుతుందో ఆ గ్రహంలో లేదు." ఎవరూ నొచ్చుకోలేదు. అడిగినవాళ్లలో చాలామంది మళ్లీ వచ్చి గురుడి నాలుగు చందమామలను చూశారు.

అపోహ: డబ్బా మీద 675 ఎక్స్ (675 రెట్లు పెద్దగా చూపిస్తుంది) అని ఉంటే మంచి టెలిస్కోప్.

లెక్క చూడండి. గొట్టం నాభ్యంతరం, అంటే ముందు కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 900 మిల్లీమీటర్లు, ఐపీస్‌ది 4 మిల్లీమీటర్లు. భాగిస్తే 225. దాని మీద బొమ్మను ఇంకా మూడు రెట్లు పెంచే బార్లో కటకం తగిలిస్తే 675. అంకె నిజమే, కనపడే బొమ్మ మాత్రం అలుక్కుపోయిన మసక. ముందున్న కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటితే పెద్దగా లాభముండదు. 60 మిల్లీమీటర్లకు 120 చాలు. శనివలయాలు 30 రెట్లకే కనపడతాయి. కొత్తవాళ్లకు నా సలహా ముందు ఒక 10×50 (10 రెట్లు పెంచే, 50 మిల్లీమీటర్ల కటకాలున్న) బైనాక్యులర్ కొనమనే. మన సముద్రపు తేమకు కటకాలకు బూజు పడుతుంది, మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోండి. దేన్నీ సూర్యుడి వైపు తిప్పి చూడకండి, కళ్లు పోతాయి.

అపోహ: సముద్రంలోంచి పైకొచ్చేటప్పుడు చంద్రుడు పెద్దగా ఉంటాడు.

చాచిన చేతి చిటికెనవేలి గోరు అడ్డం పెట్టండి, నడినెత్తికి వచ్చాక మళ్లీ పెట్టండి. రెండుసార్లూ గోరు వెనక దాగిపోతాడు. బింబం అర డిగ్రీయే.

అపోహ: ఈ లైట్లలో, ఈ ఊళ్లో ఏం చూస్తాం?

పాలపుంత కోసం అరకు దాకా వెళ్లాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ 1840లో గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో ఆకాశాన్ని గమనించడానికి సొంత వేధశాల కట్టుకున్న ఊరిది. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం ఇక్కణ్ణుంచే గమనించారు. ఇక్కడి ఏవీఎన్ కాలేజీ పేరులోని ఏవీఎన్ ఆయనే.

ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటలకు బీచ్‌లో దక్షిణం వైపు తిరిగి, సముద్రం ఆకాశాన్ని తాకే గీత మీద, చేతులు చాచి పిడికిలిపై పిడికిలి పెట్టండి. పైపిడికిలి అంచున మెరిసేది అగస్త్యుడు, రాత్రి ఆకాశంలో రెండో ప్రకాశవంతమైన నక్షత్రం. మేడ మీద నుంచి ఉత్తరానికి తిరిగితే దాదాపు అంతే ఎత్తులో మామూలు వెలుగుతో ధ్రువుడు. ధ్రువుడి ఎత్తు రమారమి మన అక్షాంశమే. అరకు వెళ్తే ఆయన అర డిగ్రీ పైకి లేస్తాడు, అగస్త్యుడు అంతే కిందికి దిగుతాడు. ఢిల్లీ వెళ్తే అగస్త్యుడు పిడికిలెత్తు కూడా ఉండడు.