ఇంట్లో లోయరింగ్ స్ప్రింగులు వేసుకుంటున్నారా? వైజాగ్ కారు ప్రియుల అపోహలు - వాస్తవాలు

గాజువాక ఆటోనగర్‌లో సస్పెన్షన్ పని చేస్తుంటాను. ఈమధ్య కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఆదివారం పూట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే వేసేసుకుంటున్న కుర్రాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఉత్సాహం నాకు ఇష్టం. సొంత బండిని సొంత చేతులతో విప్పి బిగించినవాడికి దాని ఒంట్లో ఏముందో తెలుస్తుంది. కానీ సగం తెలిసి మొదలుపెట్టి ప్రాణం మీదికి తెచ్చుకుంటారేమోనని భయం. అందుకే షాపులో రోజూ వినే మాటలు, వాటి వెనకున్న అసలు సంగతి రాస్తున్నాను.

ముందుగా ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. కారును 30 మిల్లీమీటర్లు దించితే, గుంత వచ్చినప్పుడు చక్రం పైకి లేవడానికి ఉన్న చోటులోంచి 30 మిల్లీమీటర్లు పోయినట్టే. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఈ లెక్క మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: కొత్తవి ఎందుకన్నా, ఉన్నవాటినే రెండు చుట్లు కోసేస్తే పనైపోద్ది

వారానికి ఒకరైనా ఈ మాట అంటారు. నేను కొయ్యను.

స్ప్రింగ్ గట్టిదనం దాని తీగ మందం, చుట్టు వెడల్పు, పనిచేసే చుట్ల సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. చుట్లు తగ్గితే స్ప్రింగ్ గట్టిపడుతుంది. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగ్‌లో ఒకటి కోస్తే 20 శాతం, రెండు కోస్తే 50 శాతం గట్టిపడుతుంది. ఆ గట్టిదనం మీరు ఎంచుకున్నది కాదు, కోత వల్ల దానంతట అదే వచ్చింది. మీ షాక్ అబ్జార్బర్‌కు అది పడుతుందో లేదో చూసినవాళ్లు ఎవరూ లేరు.

చివరి చుట్టు సంగతి ఇంకా ముఖ్యం. కంపెనీ స్ప్రింగ్‌లో చివర కింది గిన్నెలో సరిగ్గా కూర్చునేలా వంపు తీసి ఉంటుంది. దాన్ని కోసేస్తే మిగిలిన మొన గిన్నెలో ఒక్కచోటే ఆనుతుంది. కారు పైకి ఎగిరి చక్రం కిందికి వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగ్ వదులై పక్కకు జరుగుతుంది. మళ్లీ బరువు పడేసరికి గిన్నెలోకే వస్తుందన్న గ్యారంటీ లేదు. ఇక గ్యాస్ కటింగ్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదునే పోతుంది. కొంతమంది కొయ్యకుండా, బండి మీద ఉండగానే స్ప్రింగ్‌ను కాల్చి కుంగేలా చేస్తారు. అది మరీ ఘోరం. అలాంటి స్ప్రింగ్ ఏ రోజు విరుగుతుందో చెప్పలేం.

అపోహ: ఇది ఇంట్లో అసలు చేయకూడని పని / ఇది ఇంట్లో ఎవరైనా చేసే పని

రెండూ తప్పే. చేయొచ్చు, కానీ ఒక్క చోట పొరపాటుకు రెండో అవకాశం ఉండదు. అది స్ప్రింగ్‌ను కంప్రెసర్ అనే క్లాంపుల పరికరంతో నొక్కి పట్టే ఘట్టం.

మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువ వాటికి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. షాక్ చుట్టూ స్ప్రింగ్, పైన మౌంట్, మధ్యలో ఒక నట్టు. ఆ నట్టే స్ప్రింగ్ బలాన్నంతా ఆపుతోంది. మిల్లీమీటరుకు 25 న్యూటన్ల స్ప్రింగ్‌ను 120 మిల్లీమీటర్లు నొక్కారనుకోండి. దాని తోపుడు 3,000 న్యూటన్లు, అంటే సుమారు 300 కిలోల బరువు. అందులో దాగిన శక్తి 180 జౌళ్లు. 10 కిలోల ఇనుప దిమ్మ మనిషి ఎత్తు నుంచి పడితే ఎంత శక్తో ఇదీ దాదాపు అంతే, పైగా ఒక్క క్షణంలో విడుదలవుతుంది. నొక్కకుండానే పై నట్టు విప్పితే మౌంట్ నేరుగా మొహం మీదికి వస్తుంది.

అందుకే కంప్రెసర్ మంచిది కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. రెండు క్లాంపులూ ఎదురెదురుగా ఉండాలి, వీలైనన్ని ఎక్కువ చుట్లను పట్టుకోవాలి. మరలకు గ్రీజు రాసి, ఒకవైపు కొంచెం, రెండోవైపు కొంచెం, చేత్తోనే తిప్పాలి. ఎయిర్ గన్ వాడొద్దు, మరలు వేడెక్కి అరిగిపోతాయి. స్ట్రట్ పైభాగం మీ వైపు గానీ, పక్కనున్నవాళ్ల వైపు గానీ ఉండకూడదు. స్ప్రింగ్ గిన్నెలో వదులుగా కదిలితేనే పై నట్టు ముట్టుకోండి.

ఆ నట్టు తిప్పేటప్పుడు షాక్ రాడ్ కూడా తిరుగుతుంది. చాలామంది ఆ మెరిసే రాడ్‌ను ప్లయర్‌తో పట్టేస్తారు. రాడ్ మీద ఒక్క గీత పడినా ఆయిల్ సీల్ చిరుగుతుంది, కొన్నాళ్లకు షాక్ కారడం మొదలవుతుంది. రాడ్ కొసన అలెన్ కీకి చోటు ఉంటుంది, పట్టుకోవాల్సింది అక్కడే.

వెనక సంగతి వేరు. ఉదాహరణకు 2016లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌నే తీసుకోండి. దాని వెనక స్ప్రింగ్ షాక్‌తో కలిసి ఉండదు, విడిగా ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే చేయి) మీద కూర్చుంటుంది. అలాంటి చోట ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా దించితే స్ప్రింగ్ బయటికి వస్తుంది. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌లాంటి వాటిలో ముందు స్ట్రట్ గొట్టాన్ని నకిల్ (చక్రం హబ్‌ను మోసే భాగం) బిగించి పట్టుకుంటుంది. దాన్ని విడదీయడానికి ప్రత్యేకమైన స్ప్రెడర్ కావాలి. అది లేకుండా సుత్తి అందుకుంటే నకిల్ పగలొచ్చు. రెండు బోల్టులతో నకిల్‌ను పట్టే కార్లలో విప్పేముందే పెయింట్ మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఆ బోల్టు రవ్వంత జరిగినా చక్రం వాలు మారుతుంది. బ్రేక్ క్యాలిపర్ విప్పితే గొట్టం మీద వేలాడదీయొద్దు, తీగతో కట్టండి. ఏబీఎస్ వైరు ముందే తప్పించండి.

ఇంకో మాట చెప్పి తీరాలి. సెల్లార్ నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది. సిమెంట్ ఇటుకల మీద కారు నిలబెట్టి పనిచేసినవాళ్లను నేను చూశాను. బొక్కల ఇటుక ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వదు, ఒక్కసారిగా పిండైపోతుంది. జాకీ ఎత్తడానికి మాత్రమే. కింద దూరేముందు తప్పనిసరిగా జాక్ స్టాండ్లు ఉండాలి, నేల సమంగా ఉండాలి, రెండో మనిషి దగ్గర ఉండాలి.

అపోహ: అన్ని బోల్టులూ అక్కడే ఫుల్‌గా బిగించి కారు దించేయాలి

ఇంటి పనుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఎందుకంటే ఎవరికీ కనిపించదు. లోయర్ ఆర్మ్ కీలు దగ్గరుండే బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ, బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకు మామూలు స్థితి అయిపోతుంది. కారు దించగానే రబ్బరు మెలిపడి, 24 గంటలూ ఆ మెలికలోనే ఉంటుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది, కారు అనుకున్నంత కిందికి కూడా దిగదు. "స్ప్రింగ్ కంపెనీ మోసం చేసింది, 30 అని చెప్పి 20 కూడా దిగలేదు" అని వచ్చే కార్లలో కొన్నింటికి బోల్టులు వదులు చేసి, కారు నేల మీద నిలబెట్టి మళ్లీ బిగిస్తే సరైపోయింది.

పద్ధతి ఏమిటంటే, బుష్ బోల్టులు గాల్లో చేత్తో పట్టేంత మాత్రమే వేయండి. కారు బరువు చక్రాల మీద పడ్డాక, లేదా ఆర్మ్ కింద జాకీతో అంత ఎత్తుకు తెచ్చాక, టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన కొలతకు బిగించండి. టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలని మాన్యువల్‌లో ఉంటే ఆ బోల్టు ఒకసారి బిగిస్తే సాగిపోయే రకమని అర్థం, దాని చోట కొత్తది వేయండి. వందల రూపాయల కోసం పాతదే వాడొద్దు.

అపోహ: కిందికి దించితే మలుపుల్లో పట్టు దానంతట అదే పెరుగుతుంది

కైలాసగిరి ఘాట్ ఎక్కేవాళ్లు, యారాడ కొండ రోడ్డులో తిరిగేవాళ్లు ఇది గట్టిగా నమ్ముతారు. కొంత నిజం ఉంది. కారు బరువు కేంద్రం సుమారు అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, 25 మిల్లీమీటర్లు దించడం వల్ల మలుపులో ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మళ్లే బరువు 5 శాతం తగ్గుతుంది. అంతే.

మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో దీనికి వ్యతిరేకంగా ఇంకోటి జరుగుతుంది. మలుపులో కారు వంగేది రోల్ సెంటర్ అనే ఊహా బిందువు చుట్టూ. కారును దించితే లోయర్ ఆర్మ్ కోణం మారి, రోల్ సెంటర్ బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, కారును వంచే శక్తి కూడా పెరుగుతుంది. మీకు తక్కువ వంగినట్టు అనిపించేది గట్టి స్ప్రింగ్ వల్ల, ఎత్తు తగ్గినందువల్ల కాదు. మరీ కిందికి దించిన కారు మలుపు మధ్యలో బంప్ స్టాప్ (చక్రం పైకి లేచే దారి చివర అడ్డుండే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటే ఆ చక్రం ఒక్కసారిగా గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఘాట్ రోడ్డులో అది చాలా ప్రమాదం.

అపోహ: 50 దించినా మెత్తగా నడిపే స్ప్రింగులు ఉన్నాయి

మొదట చెప్పిన లెక్కకు వద్దాం. బంప్ స్టాప్ తగిలేలోపు చక్రానికి 60 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం. 40 దించితే మిగిలేది 20. ఇదివరకు 60 మిల్లీమీటర్లలో పుట్టే బలం ఇప్పుడు 20లోనే పుట్టాలంటే స్ప్రింగ్ మూడింతలు గట్టిగా ఉండాలి. రోడ్డు కార్లకు అమ్మే స్ప్రింగులు అంత గట్టిగా ఉండవు, ఉంటే మీరు కూర్చోలేరు. తక్కిన పనంతా బంప్ స్టాప్ మీద పడుతుంది. నలుగురు ఎక్కి, సామాను వేసుకుని అరకు బయల్దేరితే ఆ 20లోనూ సగం పోతుంది.

మన ఊరికి నా సలహా 25, మహా అయితే 30. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి కంపెనీలు ఈ కొలతలో స్ప్రింగులు చేస్తాయి. షాకులు పాతబడి ఉంటే గట్టి స్ప్రింగ్‌ను అదుపు చేయలేవు, కారు ఊగుతూనే ఉంటుంది. షాకులు కూడా ఒకేసారి మార్చుకుంటే విప్పే శ్రమ ఒక్కసారితో పోతుంది. బంప్ స్టాప్ ఎంత కొయ్యాలో కిట్ కాగితంలో ఉంటే అంతే కొయ్యండి, తీసి పారేయొద్దు. స్ప్రింగ్ మీది అక్షరాలు మామూలుగా చదవగలిగేలా నిలబెట్టి వేయాలి.

అపోహ: స్పీడ్ బ్రేకర్ల మీద మెల్లగా పోతే ఏమీ కాదు

స్పీడ్ బ్రేకర్‌ను బట్టి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణంలో హంప్‌కు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం అని చెప్పారు. ఇలాంటి హంప్ శిఖరం 2.7 మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారుకు సరిగ్గా మధ్యలోకి వచ్చినప్పుడు పొట్ట వైపు పొడుచుకొచ్చేది సుమారు 54 మిల్లీమీటర్లే. 120 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉన్న కారు హాయిగా దాటేస్తుంది. కాలనీ వాళ్లు సొంతంగా పోసుకున్న సిమెంట్ దిమ్మ కథ వేరు. అర మీటరు వెడల్పులో 15 సెంటీమీటర్లు లేచి ఉంటే ఎంత మెల్లగా పోయినా రాసుకుంటుంది. పోర్టు లారీలు తొక్కి తొక్కి చారలు పడిన సింధియా వైపు రోడ్లూ అంతే. కొనేముందు మీ సెల్లార్ ర్యాంప్ పైఅంచు దగ్గర కారు మధ్యలో ఆపించి, కింద ఎంత చోటుందో టేపుతో కొలవండి. రోజుకు రెండుసార్లు దాటేది దాన్నే.

అపోహ: స్టీరింగ్ నేరుగా ఉంటే అలైన్‌మెంట్ అక్కర్లేదు

కావాలి. ఎత్తు మారితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, టైరును వేగంగా తినేది అదే. స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకాస్త కుంగుతాయి. కాబట్టి వేసిన వెంటనే ఒకసారి, కుంగాక మరోసారి చేయించండి. ఆటో లెవెలింగ్ హెడ్‌లైట్లుంటే వాటి సెన్సర్‌ను కూడా సరిచేయించాలి.

అపోహ: మంచి కోటింగ్ ఉంది, తుప్పు పట్టదు

బీచ్ రోడ్డులో భీమిలి దాకా తిరిగే కార్లకు ఇది వర్తించదు. రాయి తగిలి కోటింగ్ పిసరంత లేచినా ఉప్పు గాలి లోపలికి పాకుతుంది. ఇసుక, నీళ్లు నిలిచేది కింది చుట్టులో, స్ప్రింగులు ఎక్కువగా విరిగేదీ అక్కడే. సముద్రం వైపు వెళ్లొచ్చాక అడుగున మంచినీళ్లు కొట్టండి. బోల్టులు విప్పే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే మర్నాడు బోల్టు తల విరగదు.

అపోహ: జర్మన్ టీయూవీ కాగితం ఉంది, ఇక్కడ కూడా లీగలే

టీయూవీ అంటే జర్మనీలో వాహన భాగాలను పరీక్షించే సంస్థ, ఆ కాగితం జర్మనీ నిబంధనలకు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కింద కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా ఇదే ప్రశ్న వస్తుంది. అందుకే నా దగ్గరకు వచ్చేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి, రేస్ ట్రాక్ కోసమైతే ట్రాక్ కోసమే వేసుకోమంటాను. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. గట్టి స్ప్రింగ్ విలువ తెలిసేది అలాంటి చోటే.

తీసేసిన ఒరిజినల్ స్ప్రింగులు, వాటి రబ్బరు సీట్లు పాత ఇనుము వాడికి వేయొద్దు. ఏది ముందు ఎడమదో, ఏది కుడిదో రాసి, పలచగా ఆయిల్ పూసి గుడ్డలో చుట్టి దాచండి. కారు అమ్మేటప్పుడు మళ్లీ వేయాల్సినవి అవే.