సాంబాను జాజ్ చెడగొట్టిందా?

1962 నవంబరు 21న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో బోసా నోవా కచేరీ జరిగింది. బ్రెజిల్ వాళ్ల డోళ్ల సంగీతం సాంబాకు జాజ్ పోకడలు కలిసిన శైలే బోసా నోవా. బ్రెజిల్ నుంచి వచ్చిన కార్లోస్ లీరా అందులో పాడిన పాట పేరు 'జాజ్ ప్రభావం'. జాజ్‌తో కలిసి కలిసి మా సాంబా పాడైపోయిందని దాని గోడు. ఆ గోడు వెళ్లబోసుకున్నది జాజ్ పుట్టిన అమెరికాలో, అదీ జాజ్ పోకడలున్న బాణీలో!

అసలు ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు అప్పటికే పాతబడ్డాయి. 1949లోనే రియోలో అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పేరును బ్రెజిల్ గాయకుడు డిక్ ఫార్నీ పేరుతో కలిపి అభిమాన సంఘం పెట్టుకున్నారు. బోసా నోవా స్వరకర్త ఆంతోనియో కార్లోస్ జోబిమ్ బాణీల్లోని కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వింటే జాజ్ తెలిసినవాళ్లకు కొత్తేమీ అనిపించదు.

కొత్తదనమంతా 1958లో రికార్డు చేసిన బ్రెజిల్ గాయకుడు జొవావ్ జిల్బెర్తో గిటార్‌లో ఉంది. బొటనవేలు మంద్ర తీగల మీద సుర్డో అనే పెద్ద డోలు దెబ్బను నిలకడగా వేస్తుంటుంది. మిగతా వేళ్లు టాంబోరిమ్ అనే చిన్న వాయిద్యం దరువును కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతుంటాయి. సాంబా ఊరేగింపు మొత్తం ఒక్క చేతిలోకి వచ్చేసిందన్నమాట. గొంతు మాత్రం పక్కవాడితో మాట్లాడినంత మెల్లగా ఉంటుంది.

1961లో అమెరికా విదేశాంగ శాఖ పంపిన బ్రెజిల్ పర్యటనలో అమెరికా గిటారిస్టు చార్లీ బర్డ్ ఈ సంగీతాన్ని విని ముచ్చటపడ్డాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, వాషింగ్టన్‌లోని ఒక చర్చి హాల్లో, జాజ్ శాక్సఫోన్ వాయిద్యకారుడు స్టాన్ గెట్జ్‌తో కలిసి 'జాజ్ సాంబా' ఆల్బమ్ రికార్డు చేశాడు. 1963లో అది అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ పాప్ ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఇక చూడాలి, ఎవరి రికార్డు మీద చూసినా బోసా నోవా పేరే.

బ్రెజిల్‌లో జోసె రామోస్ తిన్యొరావ్ లాంటి విమర్శకులు బోసా నోవాను అమెరికా సరుకుగానే కొట్టిపారేశారు. నాకది సగమే ఒప్పు. బొటనవేలి దెబ్బ అమెరికాది కాదు. నా ఫిర్యాదు కలయిక మీద కాదు, కత్తెర మీద.

1963 మార్చిలో గెట్జ్, జిల్బెర్తో కలిసి రికార్డు చేసిన 'ఇపనేమా అమ్మాయి' పాట ఆల్బమ్‌లో అయిదు నిమిషాలు దాటుతుంది. రేడియోకు అంత పొడుగు పనికిరాదని, ఆ ఒక్క పాటనే విడిగా విడుదల చేసిన సింగిల్‌ను మూడు నిమిషాల లోపుకు కుదించారు. జిల్బెర్తో పోర్చుగీసులో పాడిన భాగం ఎగిరిపోయింది. ఆయన భార్య ఆస్ట్రూడ్ ఇంగ్లీషులో పాడింది, గెట్జ్ శాక్సఫోన్ మిగిలాయి. 1965లో ఆ పాటకూ, ఆల్బమ్‌కూ పెద్ద గ్రామీలు వచ్చాయి. ఆల్బమ్ ముఖచిత్రం మీద గెట్జ్, జిల్బెర్తో, జోబిమ్ పేర్లున్నాయి. ఆస్ట్రూడ్ పేరు లేదు.