నచ్చిన అంశం మీద ప్రాజెక్టు: అపోహలు - వాస్తవాలు

అంశం పిల్లలదే, ప్రశ్న పిల్లలదే, పనీ పిల్లలదే. ఇలాంటి ప్రాజెక్టులు నేను చాలా ఏళ్లుగా చేయిస్తున్నాను. ప్రతి ఏడాదీ తల్లిదండ్రుల నుంచి, కొత్త టీచర్ల నుంచి ఇంచుమించు అవే మాటలు వింటాను. వాటిలో కొన్ని పిల్లల పనికి నిజంగా అడ్డం పడతాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ప్రాజెక్టు పిల్లలది కాబట్టి టీచర్ పక్కకి తప్పుకోవాలి.

వాస్తవం: టీచర్ తప్పుకుంటే ఎక్కువ నష్టపోయేది ఇంట్లో సాయం దొరకని పిల్లలే. ఏం చేయాలో ఎంచుకునే హక్కు వాళ్లది, ఎలా చేయాలో నేర్పే బాధ్యత మనది. కొత్తగా నేర్చుకునేవాళ్లని వాళ్ల మానాన వదిలేస్తే పెద్దగా నేర్చుకోరని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు 2006లో ఒక వ్యాసంలో గట్టిగా వాదించారు. ఆ వ్యాసంతో నేను పూర్తిగా ఏకీభవించను. కానీ ఈ ఒక్క మాట నిజమని నా క్లాసులో ఏటా కళ్లారా చూస్తున్నాను.

ఒకమ్మాయి అంశం కాగితం మీద 'అంతరిక్షం' అని ఒక్క మాట రాసి ఇచ్చింది. అలాగే వదిలేస్తే నెల తిరిగేసరికి గ్రహాల బొమ్మలు అతికించిన చార్టు వస్తుంది. పక్కన కూర్చుని, "అందులో నువ్వు నీ కళ్లతో చూసిందేంటి?" అని అడిగాను.

"చందమామ, టీచర్."

"చందమామ గురించి నీకు అర్థం కానిదేంటి?"

కాసేపు ఊరుకుంది. "నాలుగు రోజుల కింద చీకటి పడగానే వచ్చేశాడు. ఇప్పుడు నేను పడుకునే టైముకి గానీ రావట్లేదు."

అదే ప్రాజెక్టు అయింది. చందమామ రోజూ ఎంత ఆలస్యంగా వస్తాడు?

సగటున 50 నిమిషాలు అని పుస్తకాల్లో ఉంటుంది. తన నోటుబుక్కులో చూస్తే ఒకరోజు 40, ఇంకోరోజు గంట దాటింది. "నాదంతా తప్పే టీచర్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనేమీ చెప్పకుండా, "రోజూ ఒకే చోట నిలబడి చూస్తున్నావా?" అని మాత్రం అడిగాను. కొన్ని రోజులు కిటికీలోంచి, కొన్ని రోజులు మేడ మీద నుంచి చూసిందట. కిటికీలోంచి చూసి రాసుకున్నవన్నీ తనే కొట్టేసింది. మళ్లీ పౌర్ణమి వచ్చేదాకా ఆగి, ఈసారి మేడ మీద నుంచే చూసింది. అయినా తేడా పూర్తిగా పోలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను: చంద్రుడి దారి క్షితిజంతో చేసే కోణం మారుతూ ఉంటుంది, అందుకే ఆలస్యం కూడా అన్ని రోజులూ ఒకేలా ఉండదు, 50 అనేది సగటు మాత్రమే. మొదట్లోనే ఇదే మాట చెప్పి ఉంటే ఆ అమ్మాయి దాన్ని రాసుకుని పేజీ తిప్పేసేది. ఎప్పటిదాకా అడగాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది తేల్చుకోవడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టం.

అపోహ: ప్రతి పిల్లవాడికీ ముందే ఒక ఇష్టం ఉంటుంది, కనిపెడితే చాలు.

వాస్తవం: "నాకు ఇష్టమైనవేం లేవు" అనే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. అది వాళ్ల లోపం కాదు. ఆసక్తి నాలుగు దశల్లో పెరుగుతుందని హిడి, రెన్నింగర్ అనే పరిశోధకులు 2006లో వివరించారు. మొదట ఏదో ఒక సందర్భంలో పుడుతుంది, చుట్టూ అనువుగా ఉంటే నిలుస్తుంది, తర్వాత మెల్లగా సొంతమవుతుంది, చివరికి స్థిరపడుతుంది. ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉన్న పిల్లవాడిని పట్టుకుని "నీ ప్యాషన్ ఏంటి?" అంటే వాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

అందుకే అడగడం మానేసి గమనిస్తాను. ఏమీ ఇష్టం లేదన్న ఒకబ్బాయి ఎప్పుడు చూసినా నొక్కే పెన్ను విప్పుతూ, బిగిస్తూ ఉండేవాడు. ఒకసారి నొక్కితే రీఫిల్ బయటే ఎందుకు ఆగుతుంది, మళ్లీ నొక్కితే లోపలికి ఎందుకు పోతుంది అని అడిగాను. తెలియదన్నాడు. లోపల ఏటవాలు పళ్లున్న చిన్న ముక్క ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ అది కాస్త తిరిగి, ఒకసారి గాడిలోకి జారుతుంది, ఇంకోసారి అంచు మీద ఆగుతుంది. ఈ సంగతి కనుక్కోవడానికి వాడికి మూడు పెన్నులు పట్టాయి. అట్టగొట్టాలతో దాన్నే మూరెడు ఎత్తున చేయడానికి ఐదు వారాలు పట్టింది.

అపోహ: బహుమతి ప్రకటిస్తే ఉత్సాహంగా చేస్తారు.

వాస్తవం: 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం చూడండి. బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో వాళ్లే తక్కువగా బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో అలా తగ్గలేదు. నేను ముందుగా బహుమతుల మాటే ఎత్తను.

అపోహ: ఇదంతా కొత్త ఫ్యాషన్.

వాస్తవం: అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతి గురించి రాసింది 1918లో.

అపోహ: చివర్లో తయారైన వస్తువు అదిరిపోవాలి.

వాస్తవం: ఈ నమ్మకం వల్లే ఆఖరి రాత్రి ఇంట్లో పెద్దవాళ్లు కత్తెర పట్టుకుంటారు. నేను మార్కులు వేసేది పని నోటుబుక్కుకి. ఏ రోజు ఏం చేశారు, ఏది చెడింది, తర్వాత ఏం మార్చారు అన్నది అందులో ఉండాలి. దయచేసి పిల్లల వంకర అట్టముక్కని సరిచేయకండి. అది ఎందుకు వంకర పోయిందో వాళ్లనే రాయనివ్వండి.

అపోహ: మధ్యలో విసుగొస్తే ఆ అంశం వాళ్లకి నచ్చలేదని అర్థం.

వాస్తవం: మూడో వారమో, నాలుగో వారమో దాదాపు అందరికీ విసుగొస్తుంది. మొదటి సంబరం తగ్గి అసలు పని ఎదురయ్యేది అప్పుడే. నేను అంశం మార్చుకోనిస్తాను. కాకపోతే ఇంకొక్క చిన్న ప్రయత్నం చేసి, మర్నాడు వచ్చి అడగమంటాను. పెన్ను అబ్బాయి కూడా మూడో వారంలో వచ్చాడు. "స్ప్రింగ్ కుదరట్లేదు టీచర్, వేరేది తీసుకుంటా" అన్నాడు. ఇవాళ్టికి రబ్బరు బ్యాండుతో ఒకసారి చూడు, రేపు మాట్లాడుకుందాం అన్నాను. మర్నాడు ఇంకో రెండు రబ్బరు బ్యాండ్లు కావాలని వచ్చాడు.